డర్బన్ నుంచి చుట్టం పలకరిస్తే

నవంబరు చివరి వారంలో అమెరికాలో వంశమూలాలు చెప్పే డీఎన్ఏ కిట్ల ధరలు బాగా తగ్గుతాయి. మన పిల్లలు అవి కొని, ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన తాతయ్యకో బామ్మకో ఒక గొట్టం ఇచ్చి అందులో ఉమ్మమంటారు. కొన్ని వారాలకు ఫలితం వస్తుంది: తొంభై ఎనిమిది శాతం దక్షిణ భారతం. తెనాలిలో పుట్టి, తెనాలిలో చదివి, తెనాలిలోనే రిటైరైన మనిషికి 'మీరు దక్షిణాదివారు' అని చెప్పడానికి ఇంత తతంగం. ఇక మిగిలిన రెండు శాతం మీద ఆ ఇంట్లో వారం రోజుల చర్చ నడుస్తుంది. మధ్య ఆసియానా, పర్షియానా? 'మా మేనత్త ముక్కు చూసినప్పుడే అనుకున్నాను' అనేవారు ఒకరు తప్పకుండా ఉంటారు.

ఆ రెండు శాతానికి అంత విలువ లేదు. కంపెనీ తన దగ్గరున్న నమూనాలతో మన డీఎన్ఏను పోల్చి వేసే అంచనా అది. నమూనాలు పెరిగినా, లెక్క కట్టే పద్ధతి మారినా అంకె మారిపోతుంది. నిరుడు ఉన్న పర్షియా ఈ ఏడు కనిపించకపోవచ్చు. పరిశోధకులు విరివిగా వాడే 1000 జీనోమ్స్ అనే అంతర్జాతీయ సేకరణ 2015లో పూర్తయింది. 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది డీఎన్ఏ అందులో ఉంది. ఐటీయూ అనే మూడక్షరాల గుర్తుతో తెలుగువారికీ చోటిచ్చారు. నూటికి కాస్త పైగా ఉన్న ఆ మనుషుల నమూనాలన్నీ తీసింది బ్రిటన్‌లో. అంటే ఆ సేకరణలో తెలుగు జాతికి ప్రతినిధి విదేశంలో స్థిరపడిన తెలుగువాడు. మనకు ఇది వింతగా అనిపించదు, మనమూ ఆ బాపతే కదా. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆమె ఈ లెక్కలో ఎక్కడుందో అడిగేవారు తక్కువ.

ఇక్కడి మన తెలుగు సంఘాల్లో సభ్యులుగా ఉన్నవారిలో ఎక్కువమందికి వంశం తెలుసుకోవడానికి ఈ కిట్టు పెద్దగా పనికిరాదని నా అభిప్రాయం. మనకు ఊరు తెలుసు, ఇంటిపేరు తెలుసు. తద్దినాలు పెట్టే ఇళ్లలో మూడు తరాల పేర్లు ఏటా గోత్రంతో సహా పలుకుతారు. అంతకు పైతరాలు చెప్పడానికి మన సమాజంలో మనుషులే ఉండేవారు. రెడ్లు, కమ్మలు, కాపుల ఇళ్లకు పిచ్చుకుంట్లవారు వచ్చి గోత్రమూ ఇంటిపేరూ, ఏ పూర్వీకుడు ఏ ఊరు వదిలి ఏ ఊరు చేరాడో కథగా చెప్పేవారు. ఇప్పుడు ప్రభుత్వ జాబితాల్లో వారిని వంశరాజ్ అని కూడా రాస్తున్నారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు ఉండేవారు. మన తాతలు వారికి గింజలు కొలిచి ఇచ్చేవారు. మనం ఇవ్వడం మానేశాం, వారి పిల్లలు వేరే పనులు చూసుకున్నారు. ఇప్పుడు అదే పనికి కాలిఫోర్నియాలో ఒక కంపెనీకి డాలర్లు కడుతున్నాం.

అయితే ఈ కిట్టు నిజంగా అవసరమైన తెలుగువారు ఉన్నారు. వారి గురించి మన పత్రికల్లో రాసేది తక్కువ.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా ఆ రేవున్న నటాల్ ప్రాంతపు చెరకు తోటలకు వెళ్లిన ఒప్పంద కూలీలు 1,52,000 మందికి పైనే. వారిలో ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కినవారు. మారిషస్‌కు అంతకుముందే, 1830ల నుంచే వెళ్తున్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడి తెలుగువారిని కోరంగీలనే పిలిచేవారు. ఫిజీకి మద్రాసు ఓడలు 1903లో మొదలయ్యాయి. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల మనుషులు ఆ ఓడల్లో ఉన్నారు. కరవుకు, అప్పులకు, ఊళ్లో పెద్దల పెత్తనానికి తాళలేక వెళ్లినవారు వాళ్లు. ఎంతోమంది తిరిగి రాలేదు.

నాతో కలిసి పనిచేసిన ఒకావిడ డర్బన్‌లో పుట్టి పెరిగారు. ఆవిడ ఇంటిపేరు నాయుడు. మనకు అది పేరు చివర వచ్చే బిరుదు, అక్కడ స్థిరపడ్డాక ఇంటిపేరైపోయింది. అసలు ఇంటిపేరు ఏమిటో ఆవిడకు తెలియదు, ఎందుకంటే ఓడ జాబితాలో అది రాయలేదు. ఆవిడ దగ్గరున్న నకలులో కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉన్నాయి. ఓడ ఎక్కిన ఆ ముత్తాత పేరు అప్పలస్వామి. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్నవాడు ఏ ప్రాంతం వాడో తెలుగువాడికి ఏ ప్రయోగశాలా చెప్పనక్కర్లేదు. ఊరు దగ్గరే వచ్చింది చిక్కు. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు. ఆ అక్షరాలను తెలుగులో చదివితే విజయనగరం జిల్లాలోనే నాలుగు ఊళ్లు మాదంటే మాదని ముందుకొస్తాయి.

ఆవిడ డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నారు. బంధువుల జాబితాలో డర్బన్‌వారు, జొహానెస్‌బర్గ్‌వారు, లండన్‌కు వెళ్లిన డర్బన్‌వారు వచ్చారు. ఆంధ్రదేశం నుంచి ఒక్కరూ రాలేదు. రారు కూడా. ఈ పరీక్షలో చుట్టరికం తేలాలంటే అవతలి మనిషి కూడా ఉమ్మి ఉండాలి. ఆవిడ ముత్తాత తమ్ముడి సంతానం ఉత్తరాంధ్రలో ఏ ఊళ్లోనో పొలం పనికో చెన్నైలో భవనాల పనికో వెళ్తూ ఉంటారు. వారికి ఈ కిట్టు సంగతే తెలియదు. పరీక్ష చేయించుకున్న అమెరికా తెలుగువారిలో ఎక్కువమంది వేరే జిల్లాలవారు, వేరే కులాలవారు.

దీనికి గడువు కూడా ఉంది. 1890లో ఓడ ఎక్కిన ఇరవై ఏళ్ల కుర్రాడికి ఊళ్లో ఒక తమ్ముడు ఉన్నాడనుకుందాం. అన్న మునిమనవరాలు ఇవాళ డర్బన్‌లో డెబ్భై ఏళ్ల మనిషి. తమ్ముడి మునిమనవడు బొబ్బిలి దగ్గర అంతే వయసువాడు. వీరిద్దరూ పరీక్ష చేయించుకుంటే ఉమ్మడి డీఎన్ఏ ముక్క కనిపించే అవకాశం పదింట తొమ్మిది వంతులు ఉంటుంది. బిడ్డకు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం మాత్రమే వస్తుంది కాబట్టి, ప్రతి తరంలోనూ కొన్ని ముక్కలు జారిపోతాయి. వారి పిల్లల తరానికి అవకాశం సుమారు సగానికి పడిపోతుంది. మనవల తరానికి వచ్చేసరికి చాలావరకు ఏమీ దొరకదు. ఏ ఇంట్లోనైనా ముందు పరీక్ష చేయించుకోవలసింది బతికున్న పెద్దవారు, కాలేజీలో చదివే మనవడు కాదు. ఇక్కడ మాత్రం ఎప్పుడూ మనవడే ముందు ఉమ్ముతాడు.

మేనరికాలు ఈ లెక్కను ఇంకా చిక్కులో పడేస్తాయి. మామూలుగా మనిషికి ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిది మంది. తల్లిదండ్రులు మేనత్త, మేనమామ బిడ్డలైతే ఆరుగురే. అక్క కూతుర్ని చేసుకున్న ఇళ్లలో కథ మరీ దగ్గరగా తిరుగుతుంది. ఇలా అయిదారు తరాలు గడిస్తే ఇద్దరు మనుషుల మధ్య ఉమ్మడి డీఎన్ఏ నాలుగైదు దారుల్లో వస్తుంది. ఒకే దారిలో వచ్చిందనుకుని లెక్క వేసే కంపెనీ దూరపు చుట్టాన్ని దగ్గరి చుట్టంగా చూపిస్తుంది. తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన అష్కెనాజీ యూదులు ఈ తలనొప్పి మనకంటే ముందే పడ్డారు. చిన్నచిన్న ముక్కలను పక్కన పెట్టి పొడవైన ముక్కలనే నమ్మడం వారు అలవాటు చేసుకున్నారు. మనమూ అదే చేయాలి. దానికి తోడు కాగితం మీది ఊరు, ఇంట్లో చెప్పుకునే పేరు కూడా కలవాలి. ఆ రెండూ లేకుండా ఫలితం ఒక్కటీ చేతికొస్తే, కలిసినవాడు మనవాడేనని తెలుస్తుంది, ఎలా మనవాడో తెలియదు.

ఇదంతా దాటి, ఒక రోజు డర్బన్ నుంచో ఫిజీలోని సువా నుంచో మనలో ఒకరికి నిజంగానే సందేశం వచ్చిందనుకోండి. 'మా ముత్తాత ఫలానా ఊరు నుంచి వచ్చాడట, మీకూ మాకూ చుట్టరికం కనిపిస్తోంది' అని. మనవాడి మొదటి ప్రశ్న ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఓడ జాబితాలో రాసిన కులం తన కులం కాకపోతే 'ఏదో పొరపాటు జరిగింది' అని పెట్టె మూసేస్తాడు. పొరపాటు కాకపోవచ్చు కూడా. మన పల్లెల్లో ఎవరి బిడ్డ ఎవరింట్లో పెరిగాడో, ఏ కామందు చేసిన పనికి ఎవరు రాత్రికి రాత్రి మద్రాసు రైలు ఎక్కారో ఊరి పెద్దలకు తెలియనిది కాదు. డీఎన్ఏ జాబితాకు ఆ మొహమాటం ఉండదు.

ఇక స్టెప్పీ (మధ్య ఆసియా వైపు గడ్డి మైదానాల) మూలాల శాతాలు లెక్కపెట్టుకుని మురిసిపోయే గుంపులు మనవాళ్లలోనూ తయారయ్యాయి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన ఈ గుంపులవారు చదివితే బాగుంటుంది. వారు చూసిన భారత ప్రధాన భూభాగపు సమూహాల్లో దాదాపు అన్నిట్లోనూ, కులం ఏదైనా, ఉత్తరాది, దక్షిణాది ప్రాచీన పూర్వీకుల పాయలు రెండూ ఉన్నాయి. మారినది పాళ్లే. 2013లో వచ్చిన మరో పరిశోధన ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్య జరిగిందని, ఆ తరువాతే గిరి గీసుకుని ఎవరికి వారు ఉండిపోయారని చూపింది. మాలలు, మాదిగలు, వైశ్యులు, ఇలా మనకు తెలిసిన పేర్లు ఆ పట్టికల్లో ఉన్నాయి.

వైశ్యుల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. గిరి గీసుకుని ఉండటం వల్ల వారిలో ఒక ఎంజైము లోపం మిగతా సమూహాల కంటే సుమారు వంద రెట్లు ఎక్కువని తేలింది. ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలీన్ వంటి మందు ఈ లోపం ఉన్నవారిని చాలాసేపటిదాకా వదలదు. దానికి మామూలు రక్తపరీక్ష ఉంది. కుటుంబంలో ఎవరికైనా అలా జరిగి ఉంటే ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకు చెప్పాలి. మేనత్త ముక్కు కంటే ఇది తెలుసుకోవడం ముఖ్యం.

డీఎన్ఏ వివరాలు ఎవరి చేతుల్లో ఉంటాయన్నది చిన్న విషయం కాదు. 2023లో ఈ కిట్లు అమ్మే ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషను వేసింది, ఖాతాదారుల వివరాలు కూడా అమ్మకానికి వచ్చిన ఆస్తిలో భాగమయ్యాయి. చివరకు స్థాపకుల్లో ఒకరైన ఆన్ వోజిస్కీ పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ కొనుక్కుంది. ఇంకెవరైనా కొని ఉండవచ్చు. అమెరికాలో 2008 నాటి చట్టం ఆరోగ్య బీమా, ఉద్యోగం విషయంలో మనల్ని కాపాడుతుంది కానీ జీవిత బీమాకు, వైకల్య బీమాకు వర్తించదు. 2018లో కాలిఫోర్నియా పోలీసులు పాత హంతకుణ్ణి పట్టుకున్నది అతని దూరపు చుట్టాలు ఒక వెబ్‌సైటులో పెట్టుకున్న డీఎన్ఏ ద్వారానే. హంతకుడు దొరకడం మంచిదే. ఒకరు ఉమ్మితే వంశమంతా బయటపడుతుందన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. వీసా మీద వచ్చిన అమ్మచేత సంతకం పెట్టించే ముందు ఇదంతా ఆమెకు తెలుగులో చెప్పామా? చాలా ఇళ్లలో చెప్పరు. 'సరదాగానే అమ్మా' అంటారు.

దత్తత విషయమూ ముందే మాట్లాడుకోవాలి. పిల్లలు లేని అన్నకు తమ్ముడి బిడ్డను ఇవ్వడం, ఇల్లరికం అల్లుడితో వంశం నిలుపుకోవడం మనకు కొత్త కాదు. గోత్రం మార్చి, తలకొరివి హక్కు ఇచ్చి, ఆ తరువాత దాని గురించి మాట్లాడకపోవడమే మర్యాదగా పెద్దలు బతికారు. ఇంట్లో ఎవరో ఒకరికి ఇలాంటి సంగతి తెలిసే ఉంటుంది. గొట్టం పోస్టు చేసే ముందు ఆ పెద్దను పక్కకు పిలిచి అడగడం మంచిది.

ఇన్ని చెప్పాక కూడా, ఉత్తరాంధ్ర, గోదావరి, నెల్లూరు, చిత్తూరు మూలాలున్న ఇళ్లలో అన్నీ తెలిసి ఒప్పుకునే పెద్దవారు ఉంటే పరీక్ష చేయించుకోమనే అంటాను. కంపెనీ వెబ్‌సైటులో మన పేరు బంధువులకు కనిపించే మీట తెరిచి ఉంచమంటాను. ఇంతకుముందే చేయించుకుని ఆ మీట కట్టేసుకున్నవారు ఒకసారి ఆలోచించాలి. మీ శాతం మీకు తెలిసింది, డర్బన్ ఆవిడ జాబితా మాత్రం ఖాళీగానే ఉంది.

సంఘం చేయగల పని ఒకటుంది, దానికి ఉమ్ము కూడా అక్కర్లేదు. ఈ పత్రికలో పెళ్లి సంబంధాల పేజీలు నాలుగు వస్తున్నాయి. వాటి పక్కన అర పేజీ ఇవ్వండి. దక్షిణాఫ్రికా, మారిషస్, ఫిజీ తెలుగువారు తమ ముత్తాతల కాగితాల్లో ఉన్న పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు ఎలా రాసి ఉంటే అలాగే పంపుతారు. మారిషస్‌వారికైతే మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస దస్తావేజులు ఫోటోలతో సహా ఉన్నాయి. గుమాస్తా చెవిని దాటి అసలు ఊరి పేరు పోల్చగలిగేవాడు ఆ పక్క ఊళ్లో పెరిగినవాడే. చీపురుపల్లి, పాలకొండ, బొబ్బిలి తాలూకాల నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్నవారు ఈ సంచిక చదివేవారిలోనే ఉన్నారు. నాయుడుగారి నాలుగు ఊళ్లతో మొదలుపెట్టవచ్చు. ఆవిడ అనుమతి తీసుకున్నాను, జాబితా సంపాదకులకు పంపాను.