సత్యానికి ముహూర్తం

చైనా ప్రభుత్వానికి పత్రికలంటే గిట్టదని లోకం కోడై కూస్తోంది. ఇది శుద్ధ అన్యాయం. 2025 పత్రికా స్వేచ్ఛ సూచీలో 180 దేశాలకుగాను దాన్ని 178వ స్థానంలో కూర్చోబెట్టినవారికి ఆ ప్రభుత్వ మనసు తెలియదు. దానికి నిజం మీద ద్వేషం లేదు, ముహూర్తం మీద పట్టింపు ఉంది. మనం మంచి ఘడియ చూడకుండా పెరట్లో బోరు కూడా వేయించం. నూట నలభై కోట్ల మందికి నిజం చెప్పేవారు వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకోవద్దా?

చెంగ్ లెయ్ అనే ఆస్ట్రేలియా పౌరురాలు ఈ మర్యాద పాటించలేదు. చైనా ప్రభుత్వ టీవీలోనే ఆమె వ్యాపార వార్తల వ్యాఖ్యాత. 2020 మే నెలలో ప్రధాని పార్లమెంటుకు సమర్పించే నివేదిక ఉదయం ఏడున్నరకు బయటికి రావాలి. అందులోని ముక్కలను ఆమె 7.23కే మరో వార్తాసంస్థ మిత్రురాలికి పంపారు. విడుదలయ్యాక ఆమే చెప్పిన సంగతి ఇది. ఇంతకీ బయటపడిన ఘోర రహస్యం ఏమిటంటే, ఆ ఏడాదికి ఆర్థిక వృద్ధి లక్ష్యం లేదని. లేని అంకెను ఏడు నిమిషాల ముందు చెప్పినందుకు శిక్ష రెండేళ్ల పదకొండు నెలలు. లెక్క వేస్తే నిమిషానికి సరిగ్గా అయిదు నెలలు, పైసా వడ్డీ లేదు. తొందరపాటును ఇంత కఠినంగా చూసిన న్యాయస్థానం తాను మాత్రం తొందరపడలేదు. 2022 మార్చిలో తలుపులు మూసి విచారించి, తీర్పును వాయిదాల మీద వాయిదాలు వేసింది. ఆమె ఇల్లు చేరేసరికి 2023 అక్టోబరు.

అంకెలకూ అమావాస్య ఉంటుంది. 2023 జూన్‌లో పట్టణ యువతలో నిరుద్యోగం 21.3 శాతానికి చేరగానే, ఆగస్టులో ఆ లెక్క ప్రచురించడమే ఆపేశారు. 2024 జనవరిలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు చదువుకుంటున్నవారిని పక్కన పెట్టారు, అంకె 14.9కి దిగింది. నిరుద్యోగానికి ఇంత చవకైన మందు ఎవరూ కనిపెట్టలేదు. అదే 2023లో విదేశాంగ మంత్రి ఛిన్ గాంగ్ నెల రోజులు కనిపించకుండా పోయారు. విలేఖరులు అడిగితే తమ దగ్గర సమాచారం లేదన్నారు ప్రతినిధి. శాఖ వెబ్‌సైటులో పెట్టిన సమావేశ పాఠంలో ఆ ప్రశ్నలూ లేవు, జవాబులూ లేవు. సమాచారం లేదన్న సమాచారానికి కూడా ఘడియ కుదరలేదు పాపం.

లద్దాఖ్ సరిహద్దులోని గల్వాన్‌లో రెండు సైన్యాలు తలపడిన విషయంలో ఈ శాస్త్రం పరాకాష్ఠకు చేరింది. 2020 జూన్ 15 రాత్రి మనవాళ్లు ఇరవై మంది చనిపోయారు. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు వారిలో ఒకరు, ఆయన అంత్యక్రియలను తెలుగునేల కన్నీళ్లతో చూసింది. చైనా తన సైనికులు నలుగురు చనిపోయారని ప్రకటించింది 2021 ఫిబ్రవరి 19న, అంటే ఎనిమిది నెలలకు. ఆ లెక్క మీద అదే రోజు అనుమానం రాసిన బ్లాగరు ఛియూ జిమింగ్‌కు పడిన శిక్ష కూడా ఎనిమిది నెలలే. వారి త్రాసు అంత నిక్కచ్చి. అమరవీరుల్ని కించపరిచారంటూ ఆయన మీద ప్రయోగించిన నేర నిబంధన అమల్లోకి వచ్చింది మార్చి 1న. చట్టం పుట్టకముందే దాన్ని ఉల్లంఘించినవాడిని ఇంకెంత తొందరపాటు మనిషి అనాలి?

మనం నవ్వుకోవలసిన పని లేదు, పంచాంగం మన దగ్గరా ఉంది. గల్వాన్ తర్వాత అఖిలపక్షంలో ప్రధాని మన భూభాగంలోకి ఎవరూ చొరబడలేదన్నారు. ఆగస్టులో చూస్తే, మే నెలలో చైనా దళాలు అతిక్రమించాయని చెప్పే పత్రం సాక్షాత్తూ రక్షణ శాఖ వెబ్‌సైటులోనే ఉంది. పత్రికలు ఆ సంగతి రాయగానే మాయమైంది. ఎవరో గుమాస్తా రాహుకాలంలో ఎక్కించి ఉంటాడు.

సరిహద్దు మీద రెండు దేశాల కమాండర్లు విడతలు విడతలుగా కూర్చున్నా గస్తీ మీద ఒప్పందానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. ఒకరి విలేఖరులను మరొకరు సాగనంపే పని మాత్రం 2023 జూన్ నాటికే దాదాపు పూర్తయింది. వీసాల విషయంలో ఢిల్లీ, బీజింగ్ ఒక్క రోజు కూడా వృథా చేయలేదు.