ఆదివారం చీపుర్లు సరే, మిగతా ఆరు రోజుల సంగతేంది?

ఒక మాట చెప్త, మా కాలనీ గ్రూపుల సగం మందికి కోపమొస్తదని తెలుసు, అయినా చెప్త. ఆదివారం పొద్దుగాల అందరం చీపుర్లు, పారలు పట్టుకొని రోడ్డెక్కుడు, గ్లౌజులేసుకొని ఫొటో దిగుడు, మూల మీద కుప్ప ఎత్తేసి సున్నం కొట్టి ముగ్గేసుడు, ఇదంతా మంచి పనే, నేను కూడ పోత, రేపు పిలిచినా పోత. పక్క బ్లాకోళ్ళ మొకాలు కూడ తెల్వని మనం ఆ రెండు గంటలు కలిసి పని చేస్తం, ఛాయ్ తాగుతం, అదే పెద్ద లాభం. కానీ ఆ కుప్పను అక్కడికి ఎవరు తెస్తున్నరు, ఏ టైముకు తెస్తున్నరు, ఎందుకు తెస్తున్నరు అని అడగకుండ ఎన్ని ఆదివారాలు ఎత్తినా, బుధవారం వరకు అదే జాగల అదే కుప్ప, దాని మీద అదే కుక్క. మనం దాన్ని సేవ అనుకుంటున్నం గని సగం వరకు అది ఎక్సర్‌సైజే.

అసలు అదే మూల ఎందుకు? హైదరాబాద్‌ల పాత కాలనీలల్ల తిరిగి చూడండి, ఇప్పుడు చెత్త పడే జాగ, ఒకప్పుడు మున్సిపాల్టీ పెద్ద ఇనుప డబ్బా ఉన్న జాగ, చాలా చోట్ల రెండూ ఒకటే. 2015ల స్వచ్ఛ ఆటోలు వచ్చినయి, ఇంటికి రెండు డబ్బాలిచ్చిన్రు, తడి చెత్తకు పచ్చది, పొడి చెత్తకు నీలంది, మస్తు మంది వాటిల్ల బియ్యం పోసుకున్నరు, అది వేరే ముచ్చట. ఇంటి ముందరికే బండి వస్తుంటే రోడ్డు మీద డబ్బా ఎందుకని తర్వాత తర్వాత ఆ పెద్ద డబ్బాలు తీసేసిన్రు. ఆలోచన తప్పేం కాదు, డబ్బా ఉన్న రోజులల్ల కూడ చెత్త లోపల తక్కువ, చుట్టూ ఎక్కువ. కానీ డబ్బా పోయింది, కాళ్ళకు అలవాటు పోలే. ఆటో వచ్చే టైముకు ఇంట్ల లేనోడు ఏం చేయాలె అనేది ఎవరూ చెప్పలే. ఇగ ఆ జాగలకు జీవీపీలు, అంటే మాటిమాటికి చెత్త పడే జాగలు, అని పేరు పెట్టి, లిస్టు రాసుకొని, జరిమానా బోర్డు పెట్టుడు, ఒక మనిషిని కాపలా నిలబెట్టుడు. మనిషి ఉన్నన్ని రోజులు అద్దంలెక్క ఉంటది. మనిషిని ఇంకో మూలకు పంపిన తెల్లారే మళ్ళ షురూ.

మా దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కుప్పను ఒకసారి ఎత్తేముందు విప్పి చూసినం. ముక్కుకు గుడ్డ కట్టుకొని, కింద పట్టా పరిచి, కవర్లు ఒక్కొక్కటి కోసి. ఛీ అనకండి, ఎవరిని అడగాల్నో తెలవాలంటే వేరే దారి లేదు. ముందుగాల వచ్చినయి సాంబారు కారిన టిఫిన్ పార్సిల్ కవర్లు, చట్నీ ఎండి అంటుకుపోయిన చిన్న పాకెట్లు, పేపర్ ప్లేట్లు ఒకదాంట్ల ఒకటి ఇరికిచ్చి కట్టగట్టినయి. ఇంటోళ్ళు అట్ల కట్టరు, అది టిఫిన్ బండి చెత్త. తర్వాత బిర్యానీ డబ్బాలు, కవర్‌కు ఒక్క డబ్బానే, బొక్కలు, పిండిన నిమ్మచెక్క, చిన్న కూల్‌డ్రింక్ సీసా, అంటే రూముల ఒక్కరే కూసొని తినేటోళ్ళు. పెద్ద కవర్ల నిండ అన్నం, పప్పు, చేత్తో పట్టుకుంటే ఇంకా బరువుగ ఉంది, అది హాస్టల్‌ది. డైపర్లు న్యూస్‌పేపర్ల చుట్టి. ఇగ వీటన్నిటి నడుమ ఆన్‌లైన్ డెలివరీ కవర్లు, స్టిక్కర్ మీద పేరు, ఫ్లాట్ నంబర్, ఫోన్ నంబర్ అన్నీ ఉంటయి. పాపం చెత్తతోపాటు అడ్రస్ కూడ పారేసిన్రు.

అక్కడ్నే లొల్లి షురువైంది. ఫొటో తీసి గ్రూపుల పెడ్దం, సిగ్గొస్తది అని ఒక అంకుల్. నేను వద్దన్న. సిగ్గొస్తే ఏం చేస్తరు, వచ్చేసారి స్టిక్కర్ చింపి వేస్తరు, అంతే కదా. పైగా ఎవరో ఆడపిల్ల ఫోన్ నంబర్ రెండు వందల మంది ఉన్న గ్రూపుల పెట్టుడు ఏం పద్ధతి అంకుల్ అన్న, ఆయన మొకం మాడ్చుకున్నడు. చివరికి మేమే ఆ ఇండ్లకు పోయి తలుపు కొట్టినం, చెత్త ఎందుకేసిన్రు అని అడగడానికి కాదు, మీరు ఎన్నింటికి పోతరు ఎన్నింటికి వస్తరు అని అడగడానికి. నైట్ షిఫ్ట్ చేసే ఒక పిల్లగాడు, కండ్లు నలుపుకుంట వచ్చి, "అక్కా, ఆటో తొమ్మిదిన్నరకు వస్తది, నాకు అప్పుడు సగం నిద్ర. మెట్ల మీద కవర్ పెడితే ఓనర్ తిడ్తడు, రూముల పెడితే పురుగులు. ఏం చెయ్యాల్నో మీరే చెప్పండి" అన్నడు. ఏం చెప్పాలె వానికి? ఇంకో ఇంట్ల మొగుడు పెళ్ళాం ఇద్దరు ఎనిమిది కాకముందే బయలెల్లుతరు. హాస్టల్‌ల అయితే వంటాయన రాత్రి పదకొండుకు గిన్నెలన్నీ కడిగి మిగిలింది పట్టుకొని మూలకు నడుస్తడు, ఎందుకంటే హాస్టల్ ఓనర్ ఆటోకు నెల పైసలు కడ్తలేడు.

ఆ పైసల ముచ్చట కొంచెం చెప్పాలె, ఎందుకంటే మన అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్స్‌లనే కట్టేస్తరు కాబట్టి చాలా మందికి తెల్వది. స్వచ్ఛ ఆటో అన్నది జీతం ఉద్యోగం అనుకుంటరు. మొదట్ల పెట్టిన పద్ధతే ఇంటికి నెలకు 50 రూపాయలు అని, బండి కిస్తీ ఆయనదే, డీజిల్ ఆయనదే, ఇండ్ల నుంచి వచ్చే పైసలు, చెత్తల నుంచి ఏరి అమ్ముకునే అట్టలు, సీసాలు, వాటితోనే ఇల్లు నడవాలె. అందుకే పైసలియ్యని ఇంటి ముందర ఆటో ఆగది. వెనక గల్లీల సింగిల్ రూములోళ్ళు ఎందుకు కట్టాలె అని కట్టరు, ఆటో ఆగది, కవర్ మూలకు పోతది, ఆ మూలను మనం ఆదివారం ఊడుస్తం. ఇటు మనమేమన్న తక్కువనా, పెరుగు పాకెట్, పుస్తకం అట్ట, వంకాయ తొక్క అన్నీ ఒకటే నల్ల కవర్ల కట్టి ఆయన చేతిల పెడ్తం, ఆ అట్ట తడిసి ఎవడూ కొనడు, ఆయన నోటికాడి పైసలు మనమే తీసేస్తున్నం. అట్ల కలిసిపోయిన చెత్త ట్రాన్స్‌ఫర్ స్టేషన్ నుంచి పెద్ద బండ్లెక్కి జవహర్‌నగర్ డంప్ యార్డ్‌కు పోతది. ఆ గుట్ట కింద నుంచి కారిన నల్లనీళ్ళు మల్కారం చెరువును ఏం చేసినయో, వాన పడ్డప్పుడు దమ్మాయిగూడ దిక్కు కిటికీ తెరిస్తే ఎట్లుంటదో అక్కడుండేటోళ్ళను అడగండి, మన ముగ్గుల ఫొటోలకు వాళ్ళు లైక్ కొడ్తరో లేదో.

మా గల్లీ ఊడ్చే అక్క పొద్దుగాల ఐదున్నరకే వస్తది. డ్రైవ్ అయినంక మనం సంచులు నింపి, మూలకు వరుసగ పేర్చి, వాటి ముందర నిలబడి ఫొటో దిగి ఇండ్లకు పోతం కదా, ఆ పూట సంచులెత్తడానికి బండి రాదు, రాత్రికి కుక్కలు చింపుతయి, సోమవారం ఆ సంచులల్లదంతా మళ్ళ ఊడ్చేది ఆమెనే, రోజు పని కాక అదనంగ. ఒకనాడు ఛాయ్ ఇస్తు అడిగిన, అక్కా, మేం చేసేది మంచిగుందా అని. మొహమాటం ఏం లేకుండ చెప్పింది. "ఊడ్చుడు నాకొస్తది బిడ్డా, గది మీరు చెయ్యకుండ్రి. ఆ హాస్టలాయనకు మీరు చెప్పుండ్రి. నేను చెప్తే నీ పని నువ్వు చూస్కో అంటడు, మీరు చెప్తే కుర్చీ ఏసి కూసోబెడ్తడు."

ఏ కమిటీ మీటింగుల కూడ ఇంత సక్కటి మాట వినలే నేను. మేం ఇంతమందిమి రెండు గంటలు ఊడ్చినా ఆమె ఒక్కతి అరగంటల చేసే అంత రాదు, ఇది నిజం, మూల మీద మట్టి అట్లనే ఉంటది. కానీ మా మాట ఇంటి ఓనర్ల దగ్గర చెల్లుతది, శానిటరీ సూపర్‌వైజర్ మా ఫోన్ ఎత్తుతడు, ఆమెది ఎత్తడు. అట్ల ఉండుడు న్యాయమా అంటే కాదు, సిగ్గుపడాల్సిందే. కానీ ఉన్న పలుకుబడిని పక్కకు పెట్టి చీపురే పడ్తం అంటే ఎట్ల?

పోయినం. హాస్టలాయన నిజంగనే కుర్చీలేసిండు, బాదం పాలు కూడ తెప్పిచ్చిండు. ఇప్పుడు గేటు లోపల మూతలున్న రెండు పెద్ద డ్రమ్ములు, పొద్దున వాచ్‌మన్ ఆటోకు ఎత్తిస్తడు, నెల పైసలు కడ్తున్నరు. వెనక గల్లీల కొందరు ఓనర్లు మెట్ల కింద మూత డబ్బా పెట్టనిచ్చిన్రు, ఆ నైట్ షిఫ్ట్ పిల్లగాడు కూడ దాంట్లనే వేస్తున్నడు. కుప్ప మొత్తం పోయిందా అంటే పోలే, చిన్నగైంది. టిఫిన్ బండాయన ఇంకా వింటలేడు, "సరే మేడం సరే మేడం" అంటడు, రాత్రికి అక్కడ్నే వేస్తడు.

ఇగ అందాల సంగతి. పాత టైర్లకు రంగులేసి మొక్కలు పెట్టుడు ఎవరు మొదలుపెట్టిన్రో గని ప్రతి కాలనీల అదే. టైర్ల నీళ్ళు నిలుస్తయి, డెంగీ దోమకు అంతకంటే మంచి ఇల్లు లేదు, వానాకాలం మందు కొట్టనీకి వచ్చేటోళ్ళు టైర్లు తీసేయుండ్రి అని మొత్తుకుంటరు, మనమే తెచ్చి వరుసగ పెడ్తున్నం. పెట్టాల్సి వస్తే కింద బొక్కలు కొట్టండి, మట్టి అంచు దాకా నింపండి, ఏప్రిల్ ఎండలల్ల నీళ్ళు ఎవరు పోస్తరో పేరు రాసుకున్నాకనే మొక్క కొనండి. గోడలకు దేవుళ్ళ టైల్స్ అతికిచ్చుడైతే నాకు అస్సలు నచ్చదు, సాయిబాబా, ఏసుప్రభు, మక్కా మూడూ లైనుగ పెట్టి, ఇక్కడ ఎవరూ పాడు చేయొద్దని. దేవుళ్ళకు వాచ్‌మన్ డ్యూటీ ఏంది? జనం కూడ హుషారే, టైల్స్ ఉన్న కాడికి వదిలిపెట్టి నాలుగడుగులు అవతల వేస్తరు. ముగ్గు నయం, అది రెండు రోజులల్ల చెరిగిపోతది కాబట్టి మళ్ళ మనిషి రావాల్సిందే, మనిషి వస్తున్నరని చెత్త వేసేటోనికి తెలుస్తది. మా ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఇద్దరు ఆంటీలు వంతులేసుకొని ముగ్గేస్తున్నరు, దాని పక్కన్నే కూరగాయల బండామెను నిలబడమన్నం. టమాటలు, తోటకూర పెట్టుకొని సాయంత్రం దాకా ఆమె ఉంటే ఎవడన్న కవర్ విసిరితే ఊకుంటదా, ఆమె నోటికి ఇంత వరకు ఎదురు మాట్లాడినోడు లేడు.

ఇంకోటి, కుప్ప మొదలయ్యేది చాలాసార్లు ఇంటి చెత్తతోటి కాదు. ఎవరో బాత్రూమ్ రిపేర్ చేయిస్తరు, పగిలిన టైల్స్, సిమెంట్ పెళ్లలు రాత్రికి రాత్రి ట్రాక్టరాయన ఖాళీ ప్లాట్ల దింపిపోతడు, తెల్లారి దాని మీద మొదటి కవర్ పడ్తది, వారానికి అదొక డంప్ యార్డ్. జీడిమెట్లల, ఫతుల్లాగూడల ఈ శిథిలాలను పొడి చేసి మళ్ళ పనికొచ్చేటట్టు చేసే ప్లాంట్లున్నయి, అడిగి పైసలు కడితే వచ్చి తీస్కపోతరు. కానీ మేస్త్రీ తక్కువకు వచ్చే ట్రాక్టర్‌నే పిలుస్తడు, ఇంటాయన ఎక్కడ పోస్తవని అడగడు. మీ బిల్డింగుల డ్రిల్లింగ్ సౌండ్ వినబడ్డ రోజే పోయి అడగండి, అది ఒక్క ఆదివారం డ్రైవ్ కంటే ఎక్కువ పని. 2020 అక్టోబర్ వానలల్ల కాలనీలకు కాలనీలు మునిగినయి, చెరువుల కబ్జాలు, నాలాలు ఇరుకైపోవుడు పెద్ద కారణాలే, కాదనను, కానీ నీళ్ళు దిగినంక మా వెనక నాలా జాలికి ఏం అడ్డంపడ్డయో చూసినం కదా, పరుపు, థర్మకోల్, ఇగ లెక్కలేనన్ని కవర్లు.

జనం కలిస్తే ఏం కాదు అనేటోళ్ళు బన్సీలాల్‌పేట మెట్ల బావి చూసి రండి. ఏండ్ల తరబడి చెత్తతోటి, మట్టితోటి పూడిపోయి అక్కడ బావి ఉందనే మర్చిపోయిన జాగ. ఆర్కిటెక్ట్ కల్పనా రమేష్ గారు, మున్సిపాల్టీ, బస్తీ జనం అందరూ పడి తవ్వితే 2022 డిసెంబర్ల తెరిచిన్రు, సన్నగ చెక్కిన రాతి స్తంభాలు, నీళ్ళల్లకు దిగే మెట్లు, సికింద్రాబాద్ నడిబొడ్డున. నాకు అక్కడ ఎక్కువ నచ్చింది తవ్వుడు కాదు, తవ్వినంక పక్కన బిల్డింగ్ కట్టి, జనం వచ్చిపోయేటట్టు చేసి, చూసుకునే మనిషిని పెట్టుడు. ఖాళీగ వదిలేసి ఉంటే మళ్ళ నింపకపోదురా మనోళ్ళు?

మరి ఇదంతా మున్సిపాల్టీ పని కదా, ఆస్తి పన్ను కడ్తున్నం కదా అని కింద కామెంట్ పెట్టేటోళ్ళకు ముందే చెప్తున్న, అవును, వాళ్ళ పనే. ఇండోర్ దేశంల శుభ్రమైన సిటీల లిస్టుల 2017 నుంచి ఏండ్లకేండ్లు ఫస్ట్ వచ్చిందంటే అక్కడ జనం పుట్టుకతోనే మంచోళ్ళని కాదు, బండి టైముకు వస్తది, తడి పొడి వేరు చెయ్యకపోతే తీస్కోదు. మనకు కూడ సాయంత్రం ఇంకో రౌండ్ ఆటో కావాలని అర్జీ రాసినం, పనికి పోయేటోళ్ళు ఇంటికొచ్చే టైముకు. సంతకాలు అడిగితే ఫొటోకు వచ్చినోళ్ళల్ల సగం మంది కూడ పెట్టలే.

ఇప్పుడు గ్రూపుల నడుస్తున్న గొడవ పార్కు గోడ పెయింటింగ్ కోసం జమైన పైసల గురించి. నెమలి బొమ్మ వెయ్యాల్నా, చార్మినార్ వెయ్యాల్నా అని మూడు రోజుల సంది పోల్ నడుస్తుంది. నా ఓటు రెండింటికీ లేదు, డ్రమ్ములకు. వెనక గల్లీల ఇంకా కొందరు ఓనర్లు జాగ ఇస్తమన్నరు, పెట్టనీకి డ్రమ్ములే లేవు, నెమలి వచ్చే ఏడు కూడ వేస్కోవచ్చు. ఆదివారం ఏడింటికి నేను వస్త, చేతిల సంతకాల కాగితం ఉంటది, పెట్టనోళ్ళు పెట్టండి. ఇంకో మాట, ఆ టిఫిన్ బండి దగ్గర రోజు ఇడ్లీ తినేటోళ్ళు ఎవరన్న ఉంటే నాతోని అక్కడికి రండి, మా మాట వినకపోయినా గిరాకీ మాట వింటడు.