ముందు ఊపిరి పీల్చుకోమంది

ఫోన్ పెట్టేసి పది నిమిషాలైంది. చేతులింకా వణుకుతున్నాయి. అవునమ్మా, ఆ వణుకును "గమనిస్తూనే" ఉన్నాను.

ఆఫీసులో ఇవాళ నలుగురి ముందు నన్ను కడిగిపారేశారు. ఏడుపు దిగమింగుకుని, ఇరవై ఏళ్ల స్నేహం కదా అని తనకు ఫోన్ చేశాను. రెండు మాటలు చెప్పానో లేదో, "ఆగవే. ముందు రెండు పాదాలూ నేలకు ఆనించు. ఊపిరి పీల్చుకో. ఇప్పుడు చెప్పు, ఆ బాధ నీ ఒంట్లో ఎక్కడుంది?" అంది. ఎక్కడుందా? అప్పటిదాకా గుండెల్లో ఉన్నది, ఆ ప్రశ్నతో అరికాలి మంటై నెత్తికెక్కింది. ఆ మాటే అనబోతుంటే అటువైపు టింగ్‌మని గంట. యాప్. ధ్యానానికి టైమైందట. "నా నర్వస్ సిస్టమ్ ఇంతకంటే మోయలేదే, ఏమనుకోకు" అని పెట్టేసింది.

ఇది రాస్తుండగానే స్టేటస్ పడింది. కాళ్లు మడుచుకుని, కళ్లు మూసుకున్న ఫొటో. కింద "స్నేహితులను శరీరమంతటితో వినండి" అని. వినండట!

ధ్యానం మీద నాకేం కోపం లేదు. మైండ్‌ఫుల్‌నెస్ అనే ఎనిమిది వారాల ధ్యానం కోర్సు నేనూ చేశాను. 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీలో, ఎంతకూ తగ్గని నొప్పులతో అల్లాడే రోగుల కోసం మొదలుపెట్టిందది. వెల్లకిలా పడుకుని కాలివేళ్ల నుంచి నడినెత్తి దాకా ముప్పావుగంట ఒంటిని గమనించుకోవాలి, దాన్నే బాడీ స్కాన్ అంటారు. నేను మోకాళ్ల దాకా వచ్చేసరికి గురకపెట్టేదాన్ని, అది వేరే సంగతి. కానీ ఒకటి మాత్రం పట్టుబడింది. ఎదుటివాళ్లు చెబుతుంటే నా దవడ బిగుసుకుందంటే, వినడం మానేసి జవాబు వండుకుంటున్నానని అర్థం. దవడ వదులు చేసుకుంటే మళ్లీ చెవులు పనిచేస్తాయి. నా ఒంటిని నేను గమనించుకునేది అవతలి మనిషి కోసం కూడా. తనకేమో అది తలుపు గడియైంది.

తను నోరు తెరిస్తే వేగస్ నాడి, అదే మెదడు నుంచి గుండె దాకా, పొట్ట దాకా వెళ్లే నరం. సరే, ఊపిరి మెల్లగా వదిలితే గుండె దడ తగ్గుతుంది, ఒప్పుకున్నా. అది నేనొక్కదాన్నే చేసుకోగలను కదా, దానికి నువ్వెందుకు? 2006లో జేమ్స్ కోన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం పెళ్లయిన ఆడవాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి, కరెంటు షాక్ ఇస్తామని బెదిరించింది. భర్త చెయ్యి పట్టుకుంటే మెదడులో ఆ బెదురు తగ్గింది. ముక్కూమొహం తెలియనివాళ్లు పట్టుకున్నా కొంత తగ్గింది. ఈ ప్రయోగం గురించి నాకు చెప్పిందెవరనుకున్నారు? తనే!

అసలు నా మంట ఇవాళ్టిది కాదు. నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు తను పదకొండు నిమిషాల ఆడియో పంపింది. "బాడీ స్కాన్, నిద్ర పడుతుంది, విను" అని. మనిషి రాలేదు. ఆస్పత్రి ఎనర్జీ తన ఒంటికి పడదట. మా నాన్న ఒంటికి పడే వెళ్లాడు మరి!

ఆ రాత్రి వచ్చింది ఇంకో స్నేహితురాలు. ధ్యానం అంటే కునుకు అనుకునే రకం. ఇనుప కుర్చీలో పక్కన కూర్చుంది. ఓదార్పు మాట ఒక్కటీ లేదు, మోకాలు మాత్రం ఆడిస్తూనే ఉంది. ఏ రెండింటికో నా తల తన భుజం మీద వాలిపోయింది. ఆ మోకాలు ఆగింది. తెల్లారేదాకా కదల్లేదు. పొద్దున హెల్మెట్ పెట్టుకోబోతే ఆ చెయ్యి పైకి లేవలేదు, నేనే పెట్టి బకిల్ బిగించాను.

బుద్ధుడితో ఆయన శిష్యుడు ఆనందుడు, మంచి స్నేహం అంటే సాధనలో సగం కదా అన్నాడట. సగం కాదు, మొత్తం అదే అన్నాడాయన. ఆ ముక్క ఏ యాప్‌లోనూ గంట కొట్టి చెప్పదు కాబోలు.

ఇదిగో, మెసేజ్ వచ్చింది. "గ్రౌండ్ అయ్యావా?" అట, పక్కన తామరపువ్వు.

అయ్యానే తల్లీ. రెండు పాదాలూ నేల మీదే ఉన్నాయి. నీ స్టేటస్‌కి లైక్ మాత్రం కొట్టను.