లాండ్ క్రూయిజర్ 300 గారి సముఖానికి

అయ్యా,

తమరు టయోటా వారి కారుగా జపాన్‌లో పుట్టి, సముద్రం దాటి, అసలు ధరను మించిన సుంకం కట్టించుకుని, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా బావ ఇంటి ముందర దిగారు. 2025 బడ్జెట్‌లో తమరి కులానికి సుంకం 70 శాతానికి దించారని విని సంబరపడబోతే, ఆ పక్కనే 40 శాతం సెస్సు తగిలించారు. ఆపైన జీఎస్టీ. మొత్తం రెండు కోట్ల పైమాటే. "ఊళ్ళోకి ఎట్టుంటదో, బురదలోకి ఎట్టుంటదో నడిపి చూసి చెప్పు బావా" అని నాకు పురమాయించాడు మా బావ. చెప్పేదేదో తమరికే చెబుదామని ఈ ఉత్తరం.

ముందు ఊరి సంగతి. తమరి వెడల్పు 1980 మిల్లీమీటర్లు, అద్దాలు కలపకుండా. మా చిన్నబజారులో తోపుడు బండ్లు, నో పార్కింగ్ బోర్డు కింద స్కూటర్లు, ఒక ఆవు శాశ్వత నివాసులు. తమరు తల దూర్చగానే గాజుల బండి ఆవిడ కదలకుండానే తీర్పు చెప్పింది: "వచ్చిన దోవనే పో నాయనా." తమరి కెమెరాల్లో ఆవిడ మొహం నాలుగు పక్కల నుంచీ కనపడింది గానీ, దోవ ఒక్క పక్కనుంచీ కనపడలేదు. 309 హార్స్‌పవర్, 700 న్యూటన్ మీటర్ల టార్కు, పది గేర్లు పెట్టుకుని కూడా ట్రంక్ రోడ్డులో షేర్ ఆటో వెనకాల మొదటి రెండు గేర్లతోనే పొద్దు పుచ్చారు. పైగా ఆ ఆటోవాడు తిరిగి చూసి జాలిపడ్డాడు.

మా మేనత్త డోరు తీసి సీట్లు లెక్కపెట్టింది. "ఏందబ్బయా, ఇల్లంత బండికి అయిదుగురేనా? పెంచలకోనకి మిగతా వాళ్ళం బస్సులో రావాల్నా?" తమరు జవాబు చెప్పలేదు. బావ కూడా.

వానొస్తే ఆత్మకూరు బస్టాండు కాడ రైలు బ్రిడ్జి కింద నీళ్ళు నిలుస్తాయి. 700 మిల్లీమీటర్ల లోతు దాకా నీళ్ళలో నడవగలరని తమరి కాగితాల్లో రాసుంది. నాకు నమ్మకమే. బావకి లేదు. చుట్టు తిరిగి పోయాం. మా పక్కనుంచే ఇసక ట్రాక్టరొకటి కాగితాలేవీ చదవకుండా నీళ్ళలోంచి దాటిపోయింది.

అబద్ధమెందుకు, మైపాడు ఇసకలో తమరి విద్య చూసి నోరు తెరిచాను. ఆ రోజు బావ బండిలో లేడు. టైర్లలో గాలి 20 పీఎస్‌ఐకి దించితే టైరు నేల మీద పరుచుకుని, రెండున్నర టన్నుల బరువూ ఎక్కువ జాగాకి పంచుకుంటుంది. నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేరు వేసి, యాక్సిలరేటర్ మీద కాలు తొందరపడకుండా, మధ్యలో ఆపకుండా పోనిస్తే చాలు. పాదచారి మడమలు దిగిన చోట తమరు దిగలేదు. ఇంత పని తెలిసినవాళ్ళు పగలంతా గేటు కాడ ఎండకి నిలబడుంటే నాకే బాధేసింది.

విడవలూరు వైపు రొయ్యల గుంటల కాడ మాత్రం కథ మారింది. ఆ గట్లు ట్రాక్టరు కొలతకి వేసినవి. వానకి తడిసిన నల్లమట్టి తమరి రోడ్డు టైర్ల గాట్లలో నిండింది, నాలుగూ నున్నగా అయినాయి. నాలుగు చక్రాలూ తిరగడం ఇంజను పని, నేలని పట్టుకోవడం టైరు పని. రెండోది లేకపోతే మొదటిది బురద చిమ్మే యంత్రం. అయినా తమరు మెల్లగా బయటపడేవాళ్ళే. ఫుట్‌బోర్డుకి బురద తగలగానే బావ "ఆపు, ఆపు" అని కేకలు పెట్టి, ట్రాక్టరు పిలిపించి లాగించాడు.

మర్నాడే నిర్ణయం జరిగిపోయింది. మేత బస్తాలకీ, గుంట నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లకీ, డీజిలు డబ్బాలకీ ఒక పాత బొలేరో పికప్ కొన్నాడు, తమరికి బురద అంటకుండా. అది టూవీల్ డ్రైవే, ఇంజను బలం రెండు చక్రాలకే. రోజూ పోయి వస్తోంది. తమరికి కల్యాణ మండపాల డ్యూటీ, శుక్రవారం నిమ్మకాయల డ్యూటీ ఖాయమైనాయి.

నెంబరు వేలంలో తమరి కోసం బావ పాడిన డబ్బుతో బురదకి పనికొచ్చే టైర్లు రెండు సెట్లు వచ్చేవి. ఆ మాటే అంటే, "టైర్లు ఎవరు చూస్తారు బావా, నెంబరు చూస్తారు గానీ" అన్నాడు.

ఇట్లు,
తమరి వీధిలోనే ఉండే స్కూటరువాడు