సవరణ: రేగిడి ఆమదాలవలస వేరు, ఆమదాలవలస వేరు

మా ఊరి గురించి మొన్న పెట్టిన పోస్టులో "రైల్వే స్టేషన్ మండల కేంద్రం ఆమదాలవలసలోనే ఉంది" అని వచ్చింది. మాది రేగిడి ఆమదాలవలస మండలం. స్టేషన్ ఉన్నది శ్రీకాకుళం పక్కనున్న ఆమదాలవలసలో, దాని బోర్డు మీద ఉండేది 'శ్రీకాకుళం రోడ్డు' అని. పేరు చూసి అక్కడ దిగే చుట్టాలకు మళ్లీ బస్సుల వేట తప్పదు. రాజాం వచ్చి చీపురుపల్లి బస్సు పట్టుకుంటే మెయిన్ లైన్ రైలు దొరుకుతుంది. జిల్లా కూడా శ్రీకాకుళం కాదు. 2022 ఏప్రిల్ 4 నుంచి మండలం విజయనగరంలో ఉంది. ఇక ఆ పోస్టులో ఇచ్చిన మా ఊరి జనాభా అంకె 2011 జనాభా లెక్కల నాటిది. అది శివారు పల్లెలతో కలిపి రెవెన్యూ గ్రామం మొత్తానికి వేసిన లెక్క. ఆ పల్లెల జనాన్ని విడిగా కూడితే వాళ్లను రెండుసార్లు లెక్కపెట్టినట్టే.