షానన్ ఇండెక్స్ గారికి తిరుపతి నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ వ్రాయు లేఖ

మహారాజశ్రీ షానన్ ఇండెక్స్ గారి సముఖమునకు,

నమస్కారములు. ఇక్కడ మేమంతా క్షేమం. చెరువు క్షేమమో కాదో చెప్పాల్సింది తమరే కాబట్టి ఆ సంగతి తర్వాత మనవి చేసుకుంటాను.

ఒకచోట ఎన్ని రకాల జీవులున్నాయో, ఎంత సమానంగా సర్దుకున్నాయో కలిపి ఒక్క అంకెలో చెప్పే సూచిక తమరు. అంకె పెద్దదైతే వైవిధ్యం ఎక్కువన్నమాట. అయితే తమరు పుట్టింది చెరువు గట్టున కాదని విన్నాను. 1948లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో క్లాడ్ షానన్ గారు తీగల మీద వెళ్లే సమాచారాన్ని కొలవడానికి తమరిని తయారు చేశారట. ఆ తర్వాతి దశాబ్దంలో స్పెయిన్‌లో రామోన్ మార్గలెఫ్ గారు తమరిని నీళ్లలోకి దించారు. అప్పుడు దిగినవారు మళ్లీ గట్టెక్కలేదు. చెరువుల్లో వృక్షప్లవకాల మీద, అంటే నీళ్లలో తేలుతూ బతికే కంటికి ఆనని పాచి మీద, నేను తిరగేసిన ప్రతి థీసిస్‌లోనూ తమరున్నారు. ఒంటరిగా ఉంటే మర్యాద కాదని తమరిలాగే వైవిధ్యాన్ని లెక్కగట్టే సింప్సన్, పీలూ, మార్గలెఫ్ సూచికలను కూడా పెళ్లి పంక్తిలో చుట్టాల్లా పక్కనే కూర్చోబెడతారు. వడ్డించింది ఎవరు తిన్నారో మాత్రం ఎవరూ చూడరు.

తమరి కోసం మేం పడే పాట్లు కాస్త వినండి. తెల్లారేసరికి చెరువు దగ్గర ఉండాలి. నీళ్ల తేటదనం చూసే సెక్కీ డిస్క్ అనే పలకను నీళ్లలోకి వదిలి, కనబడకుండా పోయే లోతు రాసుకోవాలి. వల వేయాలి. వల అంటే దోమతెర కంటే సన్నని బట్ట, చివర ఒక బుడ్డి. ఇది చూడగానే గట్టు మీద గొర్రెలు తోలుకుపోయే పెద్దాయన ఆగుతాడు.

"ఏం సామీ, చేపలేమన్నా పడ్డాయా?"

"చేపలు కాదు తాతా, పాచి పడతా ఉండాను."

"పాచికి ఇంత కష్టమెందుకు సామీ? ఆ రేవు కాడ గీకితే బకెట్టు నిండుతాది గదా!"

ఇంతకంటే సూటిగా మా రీసెర్చ్ కమిటీ కూడా అడగలేదు.

ల్యాబ్‌కు తెచ్చాక ప్లవకాలు చెడిపోకుండా లూగాల్స్ అయోడిన్ అనే ద్రావణం కలిపి, ఒక రోజంతా కదలకుండా పెడితే ప్లవకాలు అడుగుకు చేరతాయి. పైన తేరిన నీళ్లు తీసేసి, మిగిలినదాంట్లోంచి ఒక్క మిల్లీలీటరు సెడ్జ్‌విక్ రాఫ్టర్ సెల్‌లో పోయాలి. అది 50 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 1 లోతు ఉన్న గాజు పలక. అడుగున 1000 గళ్లు. మైక్రోస్కోప్ కింద గడి గడికీ ఎవరున్నారో చూసి రాసుకోవాలి. మెడ పట్టేస్తుంది, కళ్లు మండుతాయి. అయినా పీడియాస్ట్రమ్ అనే పాచి కనబడితే లెక్క ఆపి కాసేపు ఊరికే చూస్తాను. కాస్మేరియం వచ్చినా అంతే. తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది: భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఇలాంటి కంటికి ఆనని వాటి పనే. ఎక్కువ భాగం సముద్రంలోనే అనుకోండి, అయినా మా చెరువువాళ్లకూ ఆ వంశంలో చోటుంది.

తమరికి ఇదంతా అక్కర్లేదు. తమరికి పేర్లతో పని లేదు. ఎన్ని రకాలున్నాయి, ఒక్కోదాని వాటా ఎంత, అంతే. యూగ్లీనా, ఆసిలటోరియా, క్లామిడోమోనాస్, సెనెడెస్మస్, నిట్జ్‌షియా అనే పాచి రకాలు మురుగు కలిసిన నీళ్లలో హాయిగా బతుకుతాయి. ఈ ఐదూ తగినంత సంఖ్యలో కనబడితే చాలు, మురుగును ఓర్చుకునే పాచికి మార్కులు వేస్తూ 1969లో పామర్ గారు చేసిన పట్టికలో మార్కులు 20 దాటిపోయి, సేంద్రియ కాలుష్యం ఎక్కువని తేలుతుంది. పామర్ గారు ముందు "మీరెవరు?" అని అడుగుతారు. తమరు "అందరూ సమానంగా సర్దుకుని కూర్చున్నారా?" అని అడుగుతారు. మురుగు పాచి రకాలన్నీ సమానంగా పంచుకుని కూర్చుంటే తమరు మురిసిపోయి ఆ చెరువుకు మంచి మార్కులు వేస్తారు.

తమరి మహిమల్లో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. తమరి విలువ కట్టాలంటే లాగరిథమ్ వాడాలి, దాని బేస్ మారితే తమరి విలువా మారిపోతుంది. చెరువులో తొమ్మిది రకాలు సమానంగా ఉన్నాయనుకుందాం. లాగ్ బేస్ 2 తీసుకుంటే తమరి విలువ 3.17. సహజ లాగరిథమ్ తీసుకుంటే 2.20. బేస్ 10 తీసుకుంటే 0.95. ఇక 3 దాటితే శుభ్రమైన నీళ్లు, 1 నుంచి 3 మధ్య ఓ మోస్తరు కాలుష్యం, 1 కంటే తక్కువైతే తీవ్ర కాలుష్యం అని 1968 నాటి కొలబద్ద ఒకటుంది. అంటే కాలిక్యులేటర్‌లో ఒక బటన్ మారిస్తే చాలు, అదే చెరువు శుభ్రపడుతుంది, ఇంకో బటన్‌కు పాడైపోతుంది. చెరువుల బాగు కోసం ఖర్చు పెట్టేవాళ్లకు ఈ సంగతి చెప్తే ఎంత డబ్బు మిగిలేదో! పైగా ఆ కొలబద్ద కట్టింది ప్లవకాల కోసం కూడా కాదు. విల్మ్, డోరిస్ అనే ఇద్దరు వాగుల అడుగున బతికే పురుగుల లెక్కల మీద, బేస్ 2తో కట్టారు. మేం దాన్ని చెరువుకు తెచ్చి, పైన తేలే పాచికి తొడిగాం. పొడుగో పొట్టో ఎవరూ చూసుకోలేదు.

ఈ మాటే మా గైడ్ గారి దగ్గర ఎత్తాను.

"మిగతావాళ్లు ఏ బేస్ తీసుకున్నారు?" అన్నారు.

"ఎక్కువమంది రాయలేదు సార్."

"మరి నువ్వెందుకు రాయడం నాయనా?"

మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ పాచి దగ్గర ఇంకో తంటా. అది గుంపుగా బతుకుతుంది. ఒక్కో గుంపులో వందలు, వేల కణాలు. గుంపును ఒకటిగా లెక్కపెడితే తమరు నిండుగా కనబడతారు. కణం కణం లెక్కపెడితే వాటాలన్నీ దానికే పోయి తమరు చిక్కిపోతారు. దీంట్లో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషం తయారు చేస్తాయి. నీళ్లు కాచినా అది పోదు. గట్టు మీది పెద్దాయనకు కావాల్సిన కబురు ఇదే, ఆయన గొర్రెలు తాగేది ఆ నీళ్లే కాబట్టి. ఆయనకు తమరి విలువను రెండు దశాంశాల వరకు చెప్పగలను. గొర్రెల్ని దించొచ్చా అంటే తమరు పలకరు.

సీజన్ల పట్టిక సంగతి సరేసరి. వానాకాలం జూన్ నుంచి సెప్టెంబరు, చలికాలం అక్టోబరు నుంచి జనవరి అని ఎవరో ఎక్కడో రాసుకున్నది మాకూ దిగింది. మాకు పెద్ద వానలు ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో మా తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకు పడి, కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మా పట్టిక ప్రకారం అది చలికాలం. ఆ లెక్కన జనం పరిగెత్తింది చలికే అనుకోవాలి. మరుసటి ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి, రాయలచెరువు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చెరువు ఉన్నచోటే ఉంది. థీసిస్ టైటిల్‌లో 'చిత్తూరు జిల్లా' అని పెట్టుకున్నవాళ్లు మాత్రం అర్జీ పట్టుకుని తిరగాలి.

ఇక వైవా, అంటే థీసిస్ మీద మౌఖిక పరీక్ష. తిరుపతిలో వైవా అంటే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లు కాదనరు, ఆ అదృష్టం మాకే ఉంది. నాకు వచ్చే ఎగ్జామినర్ గారికి కొండ మీద 300 రూపాయల దర్శనం టికెట్టు దొరికింది, స్లాట్ మధ్యాహ్నం. వైవా పొద్దున పదింటికి. కొండెక్కే తొందరలో ఆయన తమరున్న పేజీ తిప్పి, "విలువ బాగుంది" అనేసి లేస్తారని గైడ్ గారి ధీమా.

నేను ఆ పేజీలో తమరి కింద 'లాగ్ బేస్ 2' అని రాసి పెట్టాను. పక్కనే పామర్ గారిని దించాను. తమరు బాగుందంటారు, ఆయన బాగాలేదంటారు. ఇద్దరూ ఒకే పట్టికలో కాస్త సర్దుకోవాలి.

ఇట్లు,
తమరి విధేయ రీసెర్చ్ స్కాలర్,
తిరుపతి.