ఇంకొక్క ట్రాక్ వేద్దాం

కీబోర్డు వాయించేవాడికి రెండు చేతులే ఇచ్చి బ్రహ్మ చేసిన అన్యాయాన్ని సరిదిద్దే బాధ్యత చివరికి కంప్యూటర్ మీద పడింది. బెడ్‌రూమ్‌లో తలుపేసుకున్న మన కుర్రాడు ముందు పియానో వాయిస్తాడు. దాని మీద స్ట్రింగ్స్ (వయొలిన్ల గుంపు), ఆ పైన ప్యాడ్ (వెనకాల పొగలా పరుచుకునే సాగుడు శబ్దం), ఆ పైన కోరస్, అదీ చాలదని గంటలు. విడిగా రికార్డయిన ఒక్కో వరస ఒక్కో ట్రాకు. తెల్లారేసరికి ముప్పై ట్రాకులు.

పాతవాళ్ళకు ఈ అదృష్టం లేదు. 1963లో జాజ్ పియానిస్టు బిల్ ఎవాన్స్ తను వాయించిన పియానో మీద తనే మళ్ళీ మళ్ళీ వాయించి ఒక ఆల్బమ్ చేశాడు. మూడు పియానోలతో ఆపేశాడు పాపం, గ్రామీతో సరిపెట్టుకున్నాడు. 1968లో అమెరికన్ సంగీతకారిణి వెండీ కార్లోస్ పాతకాలపు జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతాన్ని మూగ్ సింథసైజర్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం) మీద వినిపించింది. అది ఒకేసారి ఒక్క స్వరమే పలికే యంత్రం. రెండో స్వరం కావాలంటే విడిగా వాయించి టేపు మీద చేర్చాల్సిందే. టేపు మీదేమో ఎనిమిదే ట్రాకులు! ఏ వరస ఎందుకో ముందే ఆలోచించుకోక తప్పేది కాదు. మనకు ఆ దురవస్థ తప్పింది.

ఈ విద్యలో తొలిపాఠం కాపీ పేస్ట్. స్ట్రింగ్స్ పల్చగా ఉన్నాయా, అదే ట్రాకును కాపీ చేసి కింద అతికించాలి. 'అబ్బ, ఎంత నిండుగా ఉందో!' నిజానికి పెరిగింది ఆరు డెసిబెల్స్ శబ్దం, ఆ మాత్రం శబ్దం పెంచే మీట, ఫేడర్ కూడా చేసేది. అదే భాగాన్ని మళ్ళీ వాయిస్తే, చేతిలో వచ్చే చిన్న చిన్న తేడాల వల్ల నిండుదనం వస్తుందని కొందరి వాదన. మళ్ళీ వాయించాలట! వాయించినా భయం లేదు. స్వరాలను తాళానికి సరిదిద్దే క్వాంటైజ్ నొక్కితే స్వరాలన్నీ పరేడ్‌లో పోలీసుల్లా వరసకొస్తాయి, తేడాలు మాయం.

ఎడమచేతి సంగతి మరీ సున్నితం. పియానోలో అది బేస్ (కింది మంద్రస్వరాలు) వాయిస్తుంది. తర్వాత వేసిన బేస్ గిటారూ అవే స్వరాలు, ప్యాడ్ కూడా అక్కడే. పాట మొత్తం బొంయ్ మంటుంది. పియానోలో ఎడమచెయ్యి తీసేయమనో, ప్యాడ్‌ను ఒక ఆక్టేవ్ (స్థాయి) పైకి జరపమనో పెద్దలు చెబుతారు. అంత కష్టపడి నేర్చుకున్న చెయ్యిని తీసేయడానికి మనసొప్పుతుందా? అందుకే పైన కాస్త రివర్బ్ (హాల్లో మోగినట్టుండే మార్మోత) పోస్తాం.

ఇన్ని ట్రాకులకు కంప్యూటర్ ఆయాసపడితే బఫర్‌ను, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో విడతకు పోగేసుకునే మోతాదును, 1024కి పెంచుతాం. అప్పుడు కీ నొక్కాక ఇరవై మిల్లీసెకన్లు దాటితే గానీ శబ్దం రాదు. ఆ ఆలస్యానికి సర్దుకుంటూ వాయించిన ట్రాక్ తాళం తప్పుతుంది. దానికి 'ఫీల్' అని పేరు.

ఒక్కో ట్రాకూ మ్యూట్ చేసి చూడు, తేడా తెలియకపోతే తీసెయ్ అనే సలహా ఒకటి తిరుగుతోంది. చాలా ప్రమాదకరం. అలా తీస్తూ పోతే చివరికి పియానో ఒక్కటే మిగిలి, మన వేళ్ళ సంగతి ఊరందరికీ తెలుస్తుంది. తప్పు స్వరం ఎవరిదో తేలకుండా తిలాపాపం తలా పిడికెడు పంచడానికే కదా ఇన్ని ట్రాకులు!

పాడే అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చాలాసేపు విని, "అన్నా, పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలి?" అని అడుగుతుంది.

"ఆగమ్మా, ఫ్లూట్ ఒక్కటి వేసేస్తాను."